అంబులెన్సు వచ్చేలోగా ఆదుకునేది ఊరి యువకులే

గద్వాల పత్తి చేలలో, వనపర్తి వేరుశనగ చేలలో, నాగర్‌కర్నూల్ మొక్కజొన్న చేలలో పాముకాటు భయం ఎప్పుడూ ఉండేదే. కాటు పైన తాడు బిగించడం, బ్లేడుతో కోసి రక్తం పిండడం కొన్ని పల్లెల్లో ఇంకా మానలేదు. బిగించిన తాడు వల్ల రక్తం ఆడక కాలే పోవచ్చు. యువజన సంఘాల వారికి ప్రథమ చికిత్స నేర్పేటప్పుడు మొదట మాన్పించవలసింది ఇదే. మంత్రం వేయించాలనే పెద్దలను కాదనడం కుర్రవాళ్లకు కష్టమే. అయినా కాదనక తప్పదు.

కరిచిన మనిషిని నడిపించరాదు. ఎముక విరిగినప్పుడు కట్టినట్లే కాలికి కర్ర ఆనించి, కదలకుండా, మరీ బిగించకుండా కట్టాలి. మెట్టెలు, కడియాలు వాపు రాకముందే తీసేయాలి. పామును వెతుకుతూ పొద్దు పుచ్చరాదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికీ ఆస్పత్రిలో ఇచ్చే విరుగుడు ఇంజక్షను ఒక్కటే.

108 వాహనాలు 2005 ఆగస్టు 15న మొదలయ్యాయి. అయినా నల్లమలలోని చెంచు పెంటలకు వాహనం చేరేసరికి ఆలస్యం కావచ్చు. పురుగుమందు తాగిన వారికి ఉప్పునీళ్లు పోసి కక్కించడమూ తప్పే. మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మందు డబ్బాను ఆస్పత్రికి వెంట తీసుకుపోవాలి.

వాలీబాల్ ఆట ముగిశాక అరగంట కూర్చుని, ఒకరు పడుకుంటే మరొకరు కట్టు కట్టి చూసుకోవచ్చు. కావలసినవి రెండు కర్రలు, నాలుగు తువ్వాళ్లు.