సీసా వెనుకనున్న చీటి

ఆదివారపు ముఖచిత్ర వ్యాసమునకు మధ్యస్థపు వెలకు దొరకు మంచి రెడ్ వైనులను గూర్చి వ్రాయుమని సంపాదకులు ఆదేశించి, గురువారము సాయంకాలమునకు వ్రాతప్రతి తమ బల్లపై నుండవలెనని గడువును కూడ విధించిరి. దేశదేశముల సీసాలను వరుసగా నిలిపి ఒక్కొక్కదానికి రెండేసి వాక్యముల ప్రశంస కట్టుట ఇట్టి పనికి వాడుకలోనున్న రాజమార్గము. అట్టి ప్రశంసలను కొన్నింటిని చదివితిని: ఒక వైనులో తోలువాసన, వేఱొకదానిలో వానకు తడిసిన రాతివాసన, మఱియొకదానిలో లవంగము, పొగాకు, దేవదారు కలిసి ఒక్క గుక్కలో ప్రత్యక్షమైనవట! అంగడిలో అరల ముందు నిలిచి ఏది కొనవలెనో తోచని మనుష్యునకు ఇవి యేమి తోడ్పడునో నాకు బోధపడలేదు. అందుచేత ఆ మార్గమును విడిచి ఉత్తర స్పెయినునందలి రియోహా ప్రాంతమును, ఆ ప్రాంతపు నియంత్రణ మండలి ప్రతి సీసా వెనుకను అంటింపజేయు ఒక చిన్న కాగితమును పట్టుకొంటిని.

సీసా ముందుభాగము యజమాని సొత్తు. అచట కోటలను కిరీటములను చిత్రింపవచ్చును, పూర్వులెవ్వరో ధరించిన బిరుదమును బంగారురంగున అచ్చొత్తింపవచ్చును. వెనుకవైపున మాత్రము, ప్రామిసరీ నోటుపై అంటించిన రెవిన్యూ స్టాంపు వలె గంభీరముగా, క్రమసంఖ్య గల చీటి యొకటి కూర్చుండి యుండును. దీనిని వైను తయారుచేయువారు తమ యిచ్చవచ్చినట్లు అచ్చు వేసికొన వీలులేదు. ఏ శాలయందు ఏ సంవత్సరపు పంటనుండి ఎంత వైను తయారైనది, అది పరీక్షకు నిలిచినదా, పీపాలలో ఎంతకాలము గడపినది యను లెక్కలను మండలివారు సరిచూచి, ఆ పరిమాణమునకు సరిపోవునన్ని చీటులను మాత్రమే ఎంచి యిత్తురు. వారి లెక్క ద్రాక్షతోటలోనే మొదలగును: ఎఱ్ఱద్రాక్ష దిగుబడి హెక్టారునకు 6,500 కిలోలు, అనగా మన ఎకరమునకు సుమారు 2,600 కిలోలు, మించరాదని నిబంధన. హైదరాబాదు చుట్టుపట్ల ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ పందిళ్ళు ఎట్లు కాచెడివో ఎఱిగిన రైతు ఈ అంకెను విని నవ్వును. కాని అది తినుటకు పెంచిన పండు, ఇది పిండుటకు పెంచిన పండు. తీగెపై కాపు తగ్గినకొలది గుత్తిలో రంగును సారమును చిక్కబడును.

చీటి రంగే వైను వయస్సును చెప్పును. ఆకుపచ్చ చీటి గలదానికి నిలువయుంచవలసిన నియమమేదియు లేదు. ఎఱ్ఱచీటి క్రియాన్సా యను తరగతిది, అది రెండేండ్లు నిండక బయటికి రాదు, అందు ఒక యేడు ఓకు పీపాలో గడుపవలెను. ముదురెఱుపు చీటి రెసెర్వాది. మొత్తము 3 ఏండ్లు, పీపాలో కనీసము ఒక యేడు, సీసాలో 6 నెలలు. నీలిచీటి గ్రాన్ రెసెర్వాది. మొత్తము 5 ఏండ్లు, పీపాలో 2, సీసాలో 2. పీపా 225 లీటర్లది. అంతకంటె మిక్కిలి పెద్దదైనచో కొయ్య స్పర్శ వైనునకు తగినంత అందదు.

మధ్యస్థపు వెలకు వైను కొనువాడు ఈ కాగితమును ఆదరింపవలసిన కారణము ఇందే కలదు. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు పేరుమోసిన శాలలు పంట చేతికందిన మఱుసటి వసంతమునందే, వైను ఇంకను పీపాలో నుండగనే, దానిని అమ్మజూపును. రొక్కము ముందు, సీసా తరువాత, అది త్రాగుటకు పాకమునకు వచ్చువఱకు వేచియుండు భారము కొన్నవానిది. రియోహాలో ఆ నిరీక్షణ శాలవారి నేలమాళిగలోనే జరుగును. పెట్టుబడి చిక్కుపడియుండుట, పీపాల ఖర్చు, ఆవిరియై తఱుగుట, ఇవన్నియు వారి లెక్కలోనివి. అయినను క్రియాన్సా సీసా అమెరికాలో 15 డాలర్లకు అటునిటుగా దొరకుచున్నది. వైను వ్యాపారమున కాలమును ఇంత చౌకగా అమ్ముచోటు వేఱొకటి నాకు కనబడలేదు.

ఆ కాలము చేయు పని యేమి? రియోహాలో ప్రధానమైన ద్రాక్ష తెంప్రానియో. దానికి గర్నాచా, గ్రసియానో, మసువేలో అను జాతులను కలుపుట కలదు. ఎఱ్ఱవైనునకు రంగును వగరును తొక్కనుండి వచ్చును. క్రొత్తవైనులో ఆ వగరు నాలుకను పట్టుకొని విడువదు. పీపా కొయ్య ద్వారా కొద్దికొద్దిగా చొచ్చు గాలి ఆ వగరును మెత్తబఱచును. రంగు అంచులలో ఇటుక చాయకు తిరుగును. అమెరికను ఓకు అయినచో వెనిల్లాను, ఒకింత కొబ్బరి పరిమళమును చేర్చును. కొబ్బరి సంగతి మాత్రము నేను కూడ ఒప్పుకొందును. అది యెవ్వరును చెప్పకయే తెలిసినది.

అయితే చీటిని వేదవాక్యముగా కొనరాదు. అది కాలమునకు సాక్షియే గాని రుచికి జామీను కాదు. పీపా క్రొత్తదో పాతదో అది చెప్పదు. తోట ఏ కొండవాలున నున్నదో చెప్పదు. ఈ కారణముచేతనే అర్తాది అను ప్రసిద్ధ శాల 2015 చివర తాను మండలినుండి వైదొలగుచున్నట్లు ప్రకటించెను. అది మొదలు దాని సీసాల వెనుక ఈ చీటి యుండదు, వెల మాత్రము ఘనముగనే యుండును. మండలివారు కూడ 2017లో ప్రత్యేకమైన ఏకక్షేత్రపు వైనులకు వేఱొక తరగతిని కల్పించిరి. అవి మన వెలకు అందునవి కావు గనుక వానిని విడుతము.

చరిత్రకు స్థలము చాలదు, క్లుప్తముగా చెప్పెదను. బోర్డో పద్ధతిని రియోహాకు తెచ్చినవారిలో మార్కేస్ దె మురియేతా, 1858లో స్థాపితమైన మార్కేస్ దె రిస్కాల్ ముఖ్యులు. ఫిలాక్సెరా పురుగు ఫ్రాన్సు తోటలను నాశనము చేయగా అచటి వర్తకులు సరకునకై ఎబ్రో నదీతీరమునకు వచ్చిరి. ఆరో పట్టణపు రైలుస్టేషను చుట్టును లోపెస్ దె ఎరేదియా (1877), కూనె (1879), లా రియోహా అల్తా (1890) వంటి శాలలు వెలసెను. పిమ్మట ఆ పురుగే రియోహాకును వచ్చెను. 1925లో ప్రాంతనామమునకు రక్షణ లభించెను. 1991లో స్పెయిను దేశమున అత్యున్నత శ్రేణి తొలుత రియోహాకే దక్కెను.

ఇక సీసాలు. తొలి పరిచయమునకు కూనె క్రియాన్సా చాలును. తేలికయై, ఆడంబరము లేక, భోజనముతో కలిసిపోవును. దానికంటె ఒక మెట్టు పైన లా రియోహా అల్తావారి వీన్యా అల్బెర్ది రెసెర్వా. కేవలము తెంప్రానియోతో చేసి, ఆ శాలవారే స్వయముగా కట్టుకొన్న అమెరికను ఓకు పీపాలలో నిలిపినది. నాకు మిక్కిలి ప్రీతియైనది ఇదియే. ముగావారి రెసెర్వా కొంత కండగలది. ఆ శాలలో నేటికిని కోడిగ్రుడ్ల తెల్లసొనతో వైనును తేటపఱతురు. లోపెస్ దె ఎరేదియావారి వీన్యా కుబియో చీటిపై క్రియాన్సా యనియే యుండును గాని, పీపాలో సుమారు 3 ఏండ్లు గడపినది. చీటి తెలుపునది కనీసపు వయస్సు మాత్రమే యనుటకు ఇంతకంటె నిదర్శనము లేదు. మార్కేస్ దె రిస్కాల్ రెసెర్వాకు చుట్టిన బంగారు తీగెల వల, పూర్వము ఖాళీసీసాలలో నాసిసరకు నింపి అమ్ము మోసగాండ్రను అడ్డుటకు పుట్టినది, నేడది అలంకారమే. లోపలి వైను మంచిదే గాని, వలకు ముచ్చటపడి కొనకుడు.

వేడిమి
రెడ్ వైనును గది వేడిమిలో త్రాగవలెనన్న మాట చలిదేశపు గదిని ఉద్దేశించినది. 16–18 డిగ్రీలు తగినది. హైదరాబాదులోనైనను డాలస్‌లోనైనను వేసవిలో సీసాను అరగంట ఫ్రిజ్‌లో నుంచి తీయుడు. మేనెలలో ఎండ తగులు అరపై నిలిపిన సీసాను, ఎంత తగ్గింపు ధర యిచ్చినను, ముట్టకుడు.

మన భోజనముతో
రియోహావారు ద్రాక్షకొమ్మల నిప్పులపై గొఱ్ఱెపిల్ల మాంసమును కాల్చి తిందురు. మనకు పత్థర్ కా గోష్త్, మరగ్ అట్లే పొందికగా నుండును. గుంటూరు కారముతో పొసగదు. ఆల్కహాలును వగరును మంటను రెట్టింపు చేయును. గోంగూర పులుపు ముందర తెంప్రానియో చప్పబడిపోవును.

వెల, మితము
విదేశీ వైనుపై మన దేశమున సుంకము చిరకాలము 150 శాతముగా నడచినది. దానిపై రాష్ట్రపు పన్నులు. కనుక మధ్యస్థపు వెల యనునది ఇచట చెల్లదు. విదేశమునుండి వచ్చువారు 2 లీటర్లవఱకు సుంకము లేక తెచ్చుకొనవచ్చును. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు అందులో ఇముడును. వైను గుండెకు మేలను వాదమును మాత్రము నమ్మకుడు. సురక్షితమైన మోతాదు అనునదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టపఱచినది.

నీలిచీటి జోలికి తొందరపడి పోకుడు. ఆ వెలకు ముదురెఱుపు చీటివి రెండు సీసాలు రావచ్చును. ముందు ఒక ఎఱ్ఱచీటి సీసాను కొని భోజనముతో రుచి చూడుడు. నచ్చెనా, అదే శాల రెసెర్వాకు పొండు. నచ్చలేదా, రియోహాను విడిచి ఆ డబ్బుతో మఱేదైనను కొనుక్కొనుడు.