పాముకాటు చీటీలో వేళ రాశారా?

నాట్ల రోజుల్లో పొలంగట్టు మీద పాము కరిస్తే మనిషిని ముందుగా చేర్చేది దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికే. అక్కడ విరుగుడు మందు మొదలుపెట్టి, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపిస్తారు. రోగి వెంట ఒక చీటీ కూడా వెళుతుంది. అందులో 'పాముకాటు, విరుగుడు ఇవ్వడమైనది' అని మాత్రమే ఉంటే పెద్దాసుపత్రి డాక్టరుకు చిక్కే. ఎన్ని సీసాలు ఎక్కించారు? ఎన్ని గంటలకు? ఆ రెండూ తెలియకపోతే మళ్ళీ ఎక్కించాలో, ఆగాలో తేల్చుకోవడం కష్టం.

రక్తపింజర కాటుకు రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. దీన్ని కనిపెట్టడానికి తేలికైన పరీక్ష ఉంది. 2 మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత వంచి చూస్తే గడ్డకట్టకుండా జారిందంటే విషం పనిచేస్తున్నట్టే. విరుగుడు ఎక్కించిన 6 గంటలకు ఇదే పరీక్ష మళ్ళీ చేస్తారు. అప్పటికీ గడ్డకట్టకపోతే మరో మోతాదు ఇస్తారు. మొదటి మోతాదు వేళ చీటీలో లేకపోతే ఆ 6 గంటలు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

ఈ మందు గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది. కొందరికి దద్దుర్లు, ఆయాసం వస్తాయి. అలా వచ్చి ఉంటే అదీ చీటీలో ఉండాలి.

అందుకే అంబులెన్సు కదిలేలోగా, బండి ఆలస్యం కాకుండా, రోగి తాలూకు మనిషి ఒకరు చీటీని నర్సమ్మ చేత చదివించుకోవడం మేలు. పేరు, వయసు, ఊరు సరిగా ఉన్నాయా? కాటు పడిన వేళ, కుడికాలో ఎడమకాలో రాశారా? రక్తపరీక్ష ఫలితం, సీసాల లెక్క, మొదలుపెట్టిన వేళ, డాక్టరు సంతకం ఉన్నాయా? ఏ పామో చూడకపోతే తెలియదనే చెప్పాలి. ఊహించి ఒక పేరు రాయించకూడదు. తప్పు పడితే దిద్ది చెరపకూడదు. ఒక గీతతో కొట్టేసి, పక్కన సరైన మాట రాసి సంతకం చేయాలి.

ప్రాణం దక్కకపోతే ఆ ఇంటికి ఈ కాగితాలే ఆధారం. ఏడాదికి 20 రూపాయలు బ్యాంకు ఖాతా నుంచి కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా కింద పాముకాటు మరణానికి 2 లక్షల రూపాయలు వస్తాయి. అయితే మరణానికి కారణం పాముకాటేనని వెంటనే చేర్చిన ఆసుపత్రి రికార్డు చెప్పాలి. అందులో కారణం రాయకపోయినా, పేరు బ్యాంకు పుస్తకంతో కలవకపోయినా ఇంటివాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరగవలసి వస్తుంది.

2002 నాటి వైద్యుల నియమావళి ప్రకారం, ఆసుపత్రిలో ఉండి వైద్యం పొందిన వారి రికార్డులను వైద్యం మొదలైన నాటి నుంచి 3 సంవత్సరాలు భద్రపరచాలి. రోగిగాని, అతని తరఫువారుగాని అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలి. నోటితో అడగడంకన్నా తెల్లకాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద తేదీతో సంతకం తీసుకోవడం మంచిది.