పాత కారుకు పునర్జన్మ

అంబాసిడరు కారును ఎరుగని తెలుగువాడు లేడు. 1957లో కలకత్తా సమీపాన ఉత్తరపాడాలో పుట్టిన ఈ బండి తయారీ 2014లో ఆగిపోయింది. తయారీ ఆగినా మమకారం ఆగలేదు. నాన్నగారు నడిపిన కారు పెరట్లో రేకుల కింద దుమ్ము పట్టి ఉంటుంది. పాత ఇనుము వర్తకుడు తూకానికి అడుగుతాడు. అమ్మ ఒప్పుకోదు. ఇంజను బాగుచేయిద్దామంటే ఖర్చు ఎంతవుతుందో ఎవరూ తేల్చి చెప్పరు. ఇలాంటి ఇళ్ళవారికే ఈ నాలుగు మాటలు.

పొదుపుకు మూలసూత్రం ఒక్కటే: కొలవకుండా ఏమీ కొనకూడదు. నాడి చూడని వైద్యుడి మందు ఎలాంటిదో, కొలత లేని రిపేరు అలాంటిది.

పాత అంబాసిడర్లలో చిరకాలం సాగింది 1489 సి.సి. పెట్రోలు ఇంజను. ఇది బ్రిటనులోని బి.ఎం.సి. వారి రూపకల్పన. పోత ఇనుప దిమ్మ, నాలుగు సిలిండర్లు, క్రాంకుకు మూడు మెయిను బేరింగులు. ఇందులో అర్థం కాని మాయ ఏదీ లేదు.

ఇంజను తిరుగుతున్నదైతే, విప్పకముందే కంప్రెషను చూడండి. తక్కువగా ఉన్న సిలిండరులో చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్ళీ చూడండి. అంకె బాగా పెరిగితే లోపం రింగులలోనో, బోరులోనో ఉంది. పెరగకపోతే వాల్వులనో, గ్యాస్కెట్టునో అనుమానించాలి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? వాల్వులు మాత్రమే చెడితే హెడ్డు దింపితే చాలు.

విప్పడం, కడగడం ఇంట్లోనే చేసుకోవచ్చు. ఏ వాల్వు ఏ రంధ్రానిదో, ఏ బేరింగు మూత ఏ చోటిదో గుర్తులు పెట్టండి. సెల్‌ఫోనుతో అడుగడుగునా ఫొటోలు తీయండి. ఇందుకు కూలి ఇవ్వనక్కరలేదు.

అసలు పరీక్ష బోరుది. అరుగుదల అన్నిచోట్లా ఒకేలా ఉండదు. పై రింగు తిరిగే చోట ఎక్కువ, అడుగున తక్కువ. ఒక రింగును సిలిండరులోకి దించి, పైనా కిందా దాని నోటి సందును ఫీలరు గేజీతో కొలవండి. తేడాను మూడుతో భాగిస్తే అరుగుదల సుమారుగా తెలుస్తుంది. సందులో తేడా అంగుళంలో వెయ్యింట ముప్పయి వంతులుంటే, బోరు పైభాగం వెయ్యింట పది వంతులు అరిగిందన్నమాట. అలాంటి బోరులో కొత్త రింగులు మాత్రమే వేయడం చిల్లుకుండలో నీళ్ళు పోయడమే. పొగ మళ్ళీ వస్తుంది. పైన మిగిలిన గట్టుకు తగిలి కొత్త రింగు విరిగినా విరగవచ్చు. రింగుల డబ్బూ పోయింది, విప్పిన కూలీ పోయింది, చివరికి బోరింగు ఎలాగూ తప్పలేదు!

బోరింగుకు ఇచ్చేముందు ఓవర్‌సైజు పిస్టన్లు చేతికి రావాలి. వాటిని కొలిచి, వాటికి తగినట్టు బోరు చేయించాలి. క్రాంకును మైక్రోమీటరుతో రెండు దిక్కులా కొలిపించండి. గుండ్రంగా ఉంటే సానకు పంపవద్దు. కోలగా అరిగితే మాత్రం వెనుకాడవద్దు. బేరింగులు, గ్యాస్కెట్లు, ఆయిలు పంపు, లేతు పని - వీటిలో బేరమాడి నాసిరకం తీసుకోకండి. రంగు, క్రోమియం మెరుపులు వచ్చే ఏడాదికి వాయిదా వేసినా బండి నడుస్తుంది.

మరో సంగతి. 2000 నుంచి దేశమంతటా సీసం కలపని పెట్రోలే వస్తోంది. పాత పోత ఇనుప హెడ్డులో వాల్వు కూర్చునే చోటును ఆ సీసమే కాపాడేది. హెడ్డు ఎలాగూ దింపారు కనుక, ఎగ్జాస్టు వాల్వులకు గట్టి ఉక్కు సీట్లు వేయించడం మేలు.

బిగించేటప్పుడు హెడ్డు నట్లను మధ్యనుంచి అంచులకు, రెండు మూడు విడతలుగా, టార్కు రెంచితోనే బిగించండి. ఆ రెంచి కొననక్కరలేదు. తెలిసిన మెకానిక్కు నడిగితే ఒక పూటకు ఇస్తాడు. మొదటి అయిదువందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, ఆయిలు మార్చండి.

కొలతల కాగితం చేతిలో ఉంటే విజయవాడ ఆటోనగరుకు వెళ్ళినా, మీ ఊరి లేతు షాపుకు వెళ్ళినా ఏది కావాలో, ఏది అక్కరలేదో మీరే చెప్పగలరు. దిమ్మ పగిలిందనీ, ఖర్చు మించిపోతుందనీ ఆ కాగితమే చెబితే, అప్పుడు అమ్మినా మనసుకు బాధ ఉండదు. కొలవకుండా అమ్మితేనే జీవితాంతం వెలితి.