కోటల పేర్లు, ఊళ్ళ పేర్లు – అమెరికాలో

మన గోలకొండ పేరు గల ఊళ్ళు అమెరికాలో ఉన్నవని చెప్పగా కొందరు మిత్రులు మేము పరిహాసమాడుతున్నామని తలచారు. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒహాయో నదీతీరాన ఒకటి, నెవాడా గనుల ప్రాంతంలో ఒకటి ఉన్నవి. వజ్రాల కీర్తి వలన పేరు మాత్రమే సముద్రాలు దాటినది. కోట ఇక్కడనే నిలిచినది. అక్కడి మరికొన్ని ఊళ్ళకు పేర్లు ఆ దేశపు కోటల నుండియే వచ్చినవి. వాటి కథ వేరు.

కోట అనగానే మనకు రాతి బురుజులు స్ఫురిస్తాయి. 19వ శతాబ్దంలో అమెరికా పశ్చిమ సరిహద్దున ‘ఫోర్టు’ అంటే తరచు కొన్ని ఇండ్లు, ఒక కవాతు మైదానం, ఒక చిన్న దండు మాత్రమే. టెక్సస్‌లోని ఫోర్ట్ వర్త్ అట్టిదే. 1849లో స్థాపితమై, అంతకు కొద్ది వారాల ముందే కలరాతో మరణించిన జనరల్ వర్త్ పేరు పొందినది. 1853లో దండు తరలిపోగా వలసవచ్చినవారు ఆ ఇండ్లలో ప్రవేశించారు. నేడది మహానగరం. కాన్సస్‌లో మాత్రం 1827 నాటి ఫోర్ట్ లెవెన్‌వర్త్, 1854లో దాని చెంత వెలసిన లెవెన్‌వర్త్ పట్టణం రెండును నిలిచి ఉన్నవి.

అన్నిటికంటె విచిత్రమైనది ఫోర్ట్ బ్రాగ్. ఈ పేరుతో రెండు స్థలాలు ఉన్నవి. కాలిఫోర్నియా సముద్రతీరాన 1857లో, మెండొసినో ఇండియన్ రిజర్వేషన్‌లో, గిబ్సన్ అనే లెఫ్టినెంటు ఒక కోట నెలకొల్పి తన పూర్వపు అధికారి బ్రాక్స్‌టన్ బ్రాగ్ పేరు పెట్టాడు. రిజర్వేషన్ అనగా ఇక్కడ మనమెరిగిన అర్థం కాదు. ఆదివాసులను చేర్చి, హద్దులు గీసి ఉంచిన భూమి అని గ్రహించవలెను. 1861లో అంతర్యుద్ధం రాగా బ్రాగ్ బానిసత్వాన్ని నిలుపదలచిన దక్షిణ రాష్ట్రాల పక్షాన సేనాని అయినాడు. 1864లో కోటను విడిచిపెట్టారు. పేరు ఊరికి మిగిలినది.

1918లో ఉత్తర కరోలినాలో, ఆ బ్రాగ్ పేరుతోనే, మరొక సైనిక స్థావరం వెలసినది. దేశప్రభుత్వంపై యుద్ధం చేసినవాని పేరు ఆ ప్రభుత్వ సైన్యమే ధరించుట మాకు నేటికిని వింతగానే ఉన్నది. దక్షిణ పక్షపు సేనానుల పేర్లు తొలగించవలెనని 2021లో చట్టమైనది; 2023లో ఆ స్థావరం ‘ఫోర్ట్ లిబర్టీ’ అయినది. 2025లో పాత పేరే తిరిగి వచ్చినది, కాని ఈసారి రెండవ ప్రపంచయుద్ధంలో రజత నక్షత్ర పతకం పొందిన రోలండ్ బ్రాగ్ అనే సామాన్య సైనికుని గౌరవార్థమని ప్రకటించారు. ఆయన శౌర్యాన్ని శంకించుటకు లేదు. ఆయన ఇంటిపేరు మరొకటైతే ఎవరైనా వెదకి ఉండేవారా అన్నదే మా సందేహం.

కాలిఫోర్నియా పట్టణంలోను 2020లో పేరు మార్పుపై చర్చ జరిగినది, పేరు మారలేదు. కనుక ఇప్పుడు సైనిక స్థావరం పేరు రోలండ్‌ది, ఊరి పేరు బ్రాక్స్‌టన్‌ది. ఫలకాలపై అక్షరాలు మాత్రం ఒక్కటే.