గంజాయి మత్తు మితిమీరితే: పక్కనున్నవాళ్లు చేయాల్సినవి, చేయకూడనివి

చానా రోజుల నుంచి ఈ ఎపిసోడ్ చేయాలా వద్దా అని ఆలోచిస్తున్న. మా కమాన్‌పూర్‌లో, మా దోస్తుల మధ్యనే జరిగిన విషయం ఇది. ఎవరికి జరిగిందో వాడే "చెప్పురా, నా పేరు మాత్రం తియ్యకు" అన్నడు. అందుకే ఇవ్వాళ చెప్తున్న.

గంజాయి మంచిదా చెడ్డదా అనే పంచాయితీ ఇందులో పెట్టను. మీ పక్కన ఒకడు ఎక్కువ తీసుకొని, భయంతో వణుకుతూ "నేను చచ్చిపోతున్నరా" అంటుంటే ఏం చేయాలి, ఏం చేయొద్దు, 108కి ఎప్పుడు ఫోన్ కొట్టాలి, ఇదే ఇవ్వాళటి విషయం. ఇది తెల్వకనే ఆ రోజు మేము ఒకటి కాదు, నాలుగు తప్పులు చేసినం.

ఆ రోజు ఏమైంది?

సాయంత్రం ఏడు గంటలకు చెరువు కట్ట మీద ఐదుగురం కూసున్నం. ఒకడు చాక్లెట్లు తెచ్చిండు. గంజాయి చాక్లెట్లు. 2024 జనవరిలో రంగారెడ్డి జిల్లా కొత్తూరులో పట్టుబడ్డయని పేపర్లలో వచ్చింది చూడండి, అసొంటివే. మా వాడు ఒకటి తిన్నడు. ముప్పావు గంట అయినా ఏం కాలే. "ఇది డూప్లికేట్ రా" అని ఇంకొకటి తిన్నడు.

ఎనిమిదిన్నర దాటినంక మొదలైంది. మొదట నవ్విండు. తర్వాత మాట ఆగిపోయింది. చెయ్యి గుండె మీద పెట్టుకొని "ఆగిపోతుంది, ఆగిపోతుంది" అనుడు మొదలువెట్టిండు. నోరు ఎండుకపోయింది, కండ్లు ఎర్రగ అయినయ్. లేచి నిలబడితే కండ్లు తిరిగి కింద కూలవడ్డడు.

ఇగ మేం చేసిన ఘనకార్యాలు. ఒకడు చెంప మీద కొట్టిండు, తెలివికి వస్తడని. ఇంకొకడు పుల్లటి మజ్జిగ తెచ్చి బలవంతంగ నోట్లె పోసిండు. మూడోవాడు ఫోన్ తీసి వీడియో షూట్ చేసిండు, నవ్వుకుంట. నేనేమో బైక్ తీసిన, వాన్ని మధ్యల కూసోవెట్టుకొని తీస్కపోదామని. ఆ రోడ్డు మీద రాత్రిపూట బొగ్గు లారీలు ఎట్ల తిరుగుతయో ఇక్కడోళ్లకు చెప్పనక్కర్లేదు. కిక్ కొట్టేటప్పటికే వాడు పక్కకు ఒరిగిండు. అప్పుడు దిగిన.

హాస్పిటల్‌కు ఎందుకు పోలేదంటే, భయం. పోలీసులంటే భయం, వాళ్ల నాయినంటే భయం. వాళ్ల నాయినది ఆ వారం సెకండ్ షిఫ్ట్. పదకొండుకు దిగుతడు. అప్పటిలోపల వీడు మామూలు మనిషి కావాలె. మా నలుగురి లెక్క అదొక్కటే. వాని పానం గురించి కాదు, పదకొండు గంటల గురించి ఆలోచించినం.

చివరికి నర్సింగ్ చేసిన మా అక్కకు ఫోన్ చేసిన. తిట్టలే. మూడే ప్రశ్నలు అడిగింది. "పిలిస్తే పలుకుతున్నడా? ఊపిరి సక్కగ తీసుకుంటున్నడా? ఛాతీల నొప్పి ఉందంటున్నడా, ఫిట్స్ వచ్చినయా?" ఈ మూడు ప్రశ్నలు గుర్తువెట్టుకోండి. మిగతాది మొత్తం వీటి మీదనే ఆధారపడి ఉంటది.

అసలు ఒంట్లో ఏం జరుగుతుంది?

గంజాయిలో మత్తెక్కించే పదార్థం పేరు టీహెచ్‌సీ. దాన్ని 1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలం, యెహియెల్ గవోనీ అనే శాస్త్రవేత్తలు శుద్ధంగా విడదీశారు. మన మెదడులో దీనికి సరిపోయే తాళం లాంటి భాగాలు ఉన్నాయి, సీబీ1 రిసెప్టర్లు అంటారు. మన ఒంట్లోనే తయారయ్యే ఒక పదార్థం మామూలుగా ఆ తాళాలను తిప్పుతుంటుంది. 1992లో దాన్ని కనిపెట్టినవాళ్లు 'ఆనందం' అనే మన మాట తీసుకొని 'ఆనందమైడ్' అని పేరు పెట్టారు.

ఒంట్లో తయారయ్యేది కొంచెం కొంచెంగా పుట్టి, త్వరగా కరిగిపోతుంది. బయట నుంచి వచ్చిన టీహెచ్‌సీ అలా కాదు. ఒక్కసారిగా అన్ని తాళాల మీద పడుతుంది, తొందరగా వదలదు. భయాన్ని, జ్ఞాపకాన్ని, కాలం ఎంత గడిచిందన్న అంచనాను చూసుకునే భాగాలు మెదడులో ఒకేసారి గందరగోళంలో పడతాయి. అందుకే ఐదు నిమిషాలు గంటలాగా అనిపిస్తుంది. గుండె వేగం నిమిషానికి 20 నుంచి 50 వరకు పెరగొచ్చు. ఆ దడ చూసి భయం, ఆ భయంతో ఇంకా దడ. లేచి నిలబడితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి.

తాగడానికీ తినడానికీ తేడా

మా వాడు మోసపోయింది ఇక్కడే. పొగ తాగితే నిమిషాల్లోనే తెలిసిపోతుంది. అరగంటలో తారస్థాయికి పోయి, రెండు నుంచి నాలుగు గంటల్లో చాలావరకు దిగుతుంది. తింటే కథ వేరు. చాక్లెట్ అయినా, భంగు అయినా, కడుపులో నుంచి కాలేయానికి పోవాలి. పని మొదలయ్యేసరికే అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. కాలేయం టీహెచ్‌సీని ఇంకో రూపంలోకి మారుస్తుంది, ఆ రూపం మెదడులోకి ఇంకా తేలిగ్గా దూరుతుంది. తారస్థాయికి రెండు నుంచి నాలుగు గంటలు, మొత్తం దిగడానికి ఆరు నుంచి పన్నెండు గంటలు.

అంటే ఏడు గంటలకు తిన్నోడు ఏడు ముప్పావుకు "ఏం కాలే" అనుకున్నడంటే, అది పనిచేయక కాదు, ఇంకా మొదలు కాక. రెండోది తిన్నంక రెండూ కలిసి మీద పడ్డయ్. పైగా ఆ చాక్లెట్‌లో ఎంత ఉందో కవర్ మీద రాసి ఉండదు. అమ్మినోనికి కూడా తెల్వదు.

పక్కన ఉన్నవాళ్లు చేయాల్సినవి

మొదటిది, ఇంకా తీసుకోకుండా ఆపాలి. మందు గానీ, సిగరెట్ గానీ, నిద్ర మాత్ర గానీ ఏదీ ఇవ్వొద్దు. మందు కలిస్తే మత్తు, వాంతులు రెండూ పెరుగుతాయి.

రెండోది, చోటు మార్చాలి. చప్పుడు లేని, వెలుతురు తక్కువున్న, గాలి ఆడే చోట కూర్చోబెట్టాలి లేదా పడుకోబెట్టాలి. చెరువు గట్టు, మేడ పైన, బావి దగ్గర, రోడ్డు పక్కన వద్దు. ఒక్కసారిగా లేవనీయొద్దు. బాత్‌రూంకు పోతే వెంట పోవాలి.

మూడోది, ఒక్కరే మాట్లాడాలి. చుట్టూ పదిమంది మూగితే భయం ఇంకా పెరుగుతుంది. మా అక్క నాతో ఏం చెప్పించిందంటే: "నువ్వు తిన్నదాని పనే ఇది. ఇది దిగుతది. పొద్దుగాల వరకు మామూలైతవ్. నేను ఇక్కడనే ఉన్న." ఇదే మాట మళ్లీ మళ్లీ. ఎందుకంటే చెప్పింది వాళ్లకు నిమిషంలో మర్చిపోతుంది. నేను ఫోన్‌లో పెద్ద అక్షరాలతో "7 గంటలకు తిన్నవ్. పొద్దుగాలకు దిగుతది" అని టైప్ చేసి వాని చేతిల పెట్టిన. అడిగినప్పుడల్లా అది చూపించిన. చానా పనిచేసింది.

నాలుగోది, ఊపిరి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు తీసుకోవాలి, నోటితో ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలాలి. వదిలేది ఎక్కువసేపు ఉంటే గుండె దడ నెమ్మదిస్తుంది. మీరు చేసి చూపిస్తూ కలిసి చేయించండి. లేదంటే చుట్టూ కనబడే ఐదు వస్తువుల పేర్లు చెప్పించండి. మనసు ఆ భయం మీద నుంచి పక్కకు మళ్లుతుంది.

ఐదోది, పూర్తి తెలివిలో ఉంటేనే కొంచెం కొంచెంగా నీళ్లు. వాంతి చేసుకునేటట్టుంటే, లేదా మత్తుగా నిద్రపోతుంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వెల్లకిలా పడుకుంటే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. నిద్రపోయాడు కదా అని వదిలేసి పోవద్దు. మధ్యమధ్యలో పిలిచి చూడాలి, ఊపిరి చూడాలి.

చేయకూడనివి

కొట్టొద్దు. తల మీద బిందెలతో నీళ్లు పోయొద్దు. మజ్జిగ, నిమ్మరసం, చింతపండు పులుసు ఇస్తే దిగుతుందని మన దగ్గర పెద్ద నమ్మకం. టీహెచ్‌సీకి విరుగుడు మందంటూ ఆసుపత్రిలోనే లేదు. పులుపుతో అది ఒంట్లో నుంచి పోదు. మత్తులో ఉన్నోని నోట్లో బలవంతంగా పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వేలు పెట్టి వాంతి చేయించడం కూడా అంతే ప్రమాదం. బండి మీద ఎక్కించొద్దు.

ఇంకా వీడియో తీయొద్దు. రెండు రోజుల తర్వాత మా వాడు ఏమన్నడంటే, "మీరు కొట్టింది గుర్తు లేదు, బండి గుర్తు లేదు. ఆ ఫోన్ లైట్ నా మొఖం మీద పడింది, మీరు నవ్వింది మాత్రం గుర్తుంది. పోలీసులు నన్ను చుట్టుముట్టిండ్రు అనుకున్న" అని. ఆ వీడియో అప్పటికే ఒక గ్రూపులో పడింది. డిలీట్ చేసినం, కానీ ఎవరెవరు చూసిండ్రో మాకు తెల్వదు. అదొక్కటి మాత్రం ఇప్పటికీ సరిచేయలేకపోయినం.

108కి ఎప్పుడు ఫోన్ చేయాలి?

గంజాయి ఒక్కదానితోనే పెద్దవాళ్ల ప్రాణం పోవడం చాలా అరుదు. "చచ్చిపోతున్న" అన్న భయం ఎక్కువగా మత్తు పుట్టించే భయమే. కానీ "ఏం గాదు" అని ఊరుకోకూడని గుర్తులు కొన్ని ఉన్నాయి: పిలిచినా గిల్లినా లేవకపోవడం, ఊపిరి కష్టంగా లేదా మరీ నెమ్మదిగా ఉండటం, ఛాతీ నొప్పి, ఫిట్స్, ఆగని వాంతులు, తలకు దెబ్బ, తనకు గానీ పక్కవాళ్లకు గానీ హాని చేసేంత కలవరం. వీటిలో ఒక్కటి కనబడినా ఆలోచించొద్దు. గుండె జబ్బు ఉన్నవాళ్లయితే ఇంకా జాగ్రత్త. గంజాయి తాగిన మొదటి గంటలో గుండెపోటు ముప్పు పెరుగుతుందని 2001లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. చిన్నపిల్లలు పొరపాటున చాక్లెట్ తింటే గుర్తుల కోసం ఎదురుచూడనే వద్దు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. పిల్లల్లో ఊపిరి మందగించి కోమాలోకి పోయే ప్రమాదం ఉంది.

డాక్టర్‌కు నిజం చెప్పాలి. ఏం తిన్నాడు, ఎన్ని, ఎన్ని గంటలకు, మందు కలిసిందా. "ఫుడ్ పాయిజన్ సార్" అని అబద్ధం చెప్తే అవసరం లేని పరీక్షలతో టైం పోతుంది. చాక్లెట్ కవర్ ఉంటే తీసుకపోండి. అక్కడ ఈసీజీ తీస్తారు, సెలైన్ పెడతారు, కలవరం ఎక్కువుంటే దానికి మందు ఇస్తారు.

ఇక కేసు భయం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 27 ప్రకారం గంజాయి తీసుకోవడం నేరమే. ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. దాచిపెట్టి చెప్పను. కానీ అదే చట్టంలో 64ఏ అనే సెక్షన్ కూడా ఉంది. అలవాటుపడినవాళ్లు తమంతట తాము ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో చేరి చికిత్స పూర్తి చేసుకుంటే, వాడకం, చిన్న మోతాదు కేసుల నుంచి రక్షణ ఇస్తుంది. ఏది ఏమైనా, కేసైతే వకీలు చూసుకుంటడు. పానం పోతే ఎవరు చూసుకుంటరు?

తెల్లారినంక

మా వాడు తెల్లవారుజామున నాలుగింటికి నిద్రపోయిండు. వాళ్ల నాయినకు విషయం దాచలేకపోయినం. పదకొండున్నరకు టిఫిన్ డబ్బా చేతిల పట్టుకొని వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండ కొడుకు పక్కన కూసున్నడు. తెల్లారేదాక లేవలే. పొద్దున నాతోటి ఒక్కటే అన్నడు: "బిడ్డా, నాకు ఎనిమిదిన్నరకే ఎందుకు ఫోన్ చెయ్యలే?" నా దగ్గర జవాబు లేదు.

మరుసటి రోజంతా తల బరువుగా, మందంగా ఉంటుంది. ఒక రోజు బండి నడపొద్దు, యంత్రాల మీద పని చేయొద్దు. ఓపెన్‌కాస్ట్‌లో డంపర్ నడిపేవాళ్లు, కాంట్రాక్ట్ పనికి పోయే తమ్ముళ్లు ఇది ప్రత్యేకంగా వినండి. ఈత కూడా వద్దు.

రెండు మూడు రోజులైనా చెవిలో మాటలు వినబడుతుంటే, అందరి మీద అనుమానం పోకపోతే సైకియాట్రిస్ట్‌కు చూపించాలి. ఇంట్లో ఎవరికైనా అలాంటి మానసిక జబ్బు ఉన్నవాళ్లకు, చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. రోజూ తాగేవాళ్లకు మాటిమాటికి వాంతులై, వేడినీళ్ల స్నానం చేస్తేనే తగ్గుతున్నదంటే అదొక జబ్బు, గంజాయి మానడమే దానికి అసలు మందు. మానేటప్పుడు వారం రెండు వారాలు నిద్ర పట్టదు, చిరాకు వస్తుంది, ఆకలి ఉండదు. అది తగ్గేదే.

మూడు నంబర్లు ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. అత్యవసరానికి 108. మత్తు అలవాటు మానడానికి సాయం కోసం 14446. మనసు బాగలేకపోతే టెలీ మానస్ 14416. మూడూ ఉచితమే.

ఆ వీడియో తీసిన దోస్తే ఈ ఎపిసోడ్‌కు కెమెరా పట్టుకున్నడు. ఈసారి పని కొచ్చే వీడియో తీద్దామన్నడు. మీ గ్యాంగ్ గ్రూపులో ఇది పంపండి. ఎవడు తాగుతడు, ఎవడు తాగడు అని చూడకండి. ఆ రాత్రి పక్కన కూసునేటోనికి ఇది తెలిసి ఉంటే చాలు. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌ల కలుద్దాం.