వెర్డన్ అరణ్యమున విషము

1916లో ఫ్రాన్సుదేశమందలి వెర్డన్‌కడ పదినెలలు ఘోరయుద్ధము సాగెను. యుద్ధానంతరము ప్రభుత్వము సేద్యమునకు పనికిరాని యచ్చటి భూములను ‘ఎఱ్ఱమండలము’గా నిర్ణయించి, రైతులకు వెలయిచ్చి గైకొని, అడవి పెంచెను. పచ్చదనము వచ్చెను గాని గుండ్లు పోలేదు.

ఆ సమీపారణ్యమున 1928లో రెండులక్షల విషవాయుగుండ్లను ప్రోగుచేసి తగులబెట్టిరి. శుభ్రపఱచుట యన నదియే కాబోలు! ఆ నేలలో ఆర్సెనిక్ అను పాషాణము కొన్నిచోట్ల నూటికి 17 పాళ్లు గలదని 2007లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అచ్చట మొండిగడ్డియు నాచును దప్ప మొలచునది లేదు.

కౌలుదారు చెఱచిన మాగాణిని బాగుచేసి యప్పగింపుమని భూస్వామి యడుగడా? ప్రజల యడవిని వాడుకొన్న యే దేశపు సేననైనను అట్లే యడుగవలెనని మా యభిప్రాయము. గుండ్లేరిన చాలదు, సేనాశాఖ తన వ్యయముతో నేలను, నీటిని పరీక్షించి, ఆ లెక్కలను ప్రజలకు వెల్లడింపవలెను.