రాష్ట్రం దాటే ఆళ్లగడ్డ శిల్పం

అహోబిలం నారసింహ క్షేత్రానికి దారితీసే ఆళ్లగడ్డలో శిల్పులు చెక్కిన రాతి విగ్రహం కర్ణాటకకో తమిళనాడుకో అమ్ముడైనప్పుడు, దానిపై పన్ను ఉంటే అది ఐజీఎస్టీ, అంటే అంతర్రాష్ట్ర అమ్మకాలపై కేంద్రం వసూలు చేసి, సరుకు చేరిన రాష్ట్రానికి వాటా పంచే సమీకృత పన్ను. 1956 నాటి కేంద్ర అమ్మకపు పన్ను చట్టం కింద ఆ రాబడి సరుకు బయలుదేరిన రాష్ట్రానికే దక్కేది. 2017 జూలై 1న జీఎస్టీ రావడంతో ఈ దిశ తిరగబడింది.

ఆంధ్రప్రదేశ్‌లోనే సరుకులు అమ్మే వ్యాపారికి ఏడాది టర్నోవరు రూ.40 లక్షలు దాటేవరకు సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు గానీ, పన్ను వర్తించే సరుకు ఒక్కటి పొరుగు రాష్ట్రానికి అమ్మినా అది తప్పనిసరి. చిన్న వ్యాపారికి ఇది నిజంగా బరువైన నిబంధన. అయితే ప్రధానంగా చేతితో తయారైన హస్తకళా వస్తువులకు, వాటిలో రాతి కళాఖండాలకు, దేశవ్యాప్త మొత్తం టర్నోవరు రూ.20 లక్షల లోపైతే మినహాయింపు ఉంది. పాన్ ఉండాలి, సరుకు విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు, అంటే రవాణా అనుమతి పత్రం, తీసుకోవాలి.

రాతి దేవతా విగ్రహాలకైతే 2018 జూలై నుంచి అసలు పన్నే లేదు; నాయకుల విగ్రహాలకు ఆ మినహాయింపు వర్తించదు. అందుచేత రెండూ చెక్కే శిల్పులు బిల్లులో ఏది ఏదో స్పష్టంగా, విడివిడిగా రాయాలి.